బండికి ట్రాకర్ పెట్టేశాం, ఇక సేఫేనా? యాంటీ థెఫ్ట్ గాడ్జెట్లు ఎక్కడ చేతులెత్తేస్తాయంటే..

అలిపిరిలో బండి పెట్టి మెట్లెక్కితే, దర్శనం చేసుకుని కిందికి దిగేసరికి ఒక రోజు పట్టొచ్చు. ఆ టైమ్‌లో దొంగకి రాష్ట్రం దాటడం పెద్ద పనేం కాదు. చిత్తూరు నుంచి వేలూరు గంట దూరం, తిరుపతి నుంచి చెన్నై మూడు గంటలు, పలమనేరు దాటి కాస్త వెళ్తే కర్ణాటక. ఈఎంఐ ఇంకా కడుతున్న బండికి ట్రాకర్ కొనాలనిపించడం సహజమే. కొనండి, కాకపోతే అది ఏం చేయలేదో ముందు తెలుసుకోండి.

జీపీఎస్ ట్రాకర్

జీపీఎస్ చిప్ శాటిలైట్ల నుంచి సిగ్నల్ తీసుకుని తానెక్కడుందో లెక్క కడుతుంది, అంతే. ఆ లొకేషన్ మీ ఫోన్‌కి రావాలంటే ట్రాకర్‌లోని సిమ్‌కి నెట్‌వర్క్ ఉండాలి. ఘాట్‌లో సిగ్నల్ పోయినా, బేస్‌మెంట్‌లో పెట్టినా, రీఛార్జ్ అయిపోయినా మ్యాప్‌లో పాత చుక్కే కనిపిస్తుంది. వైర్ పీకేస్తే లోపలున్న చిన్న బ్యాటరీతో కాసేపే నడుస్తుంది. కొనేముందు అది 2జీనా 4జీనా చూడండి. 2జీ మోడల్‌లో జియో సిమ్ పనిచేయదు.

ఎయిర్‌ట్యాగ్

దీంట్లో జీపీఎస్ లేదు, సిమ్ లేదు. చుట్టుపక్కల యాపిల్ ఫోన్లు ఉంటేనే లొకేషన్ అప్‌డేట్ అవుతుంది. మామిడి తోట మధ్యలో ఐఫోన్ ఎవరి దగ్గరుంటుంది? పైగా రహస్యంగా వెంటపడకుండా పెట్టిన సేఫ్టీ ఫీచర్ వల్ల "మీతో ఒక ట్రాకర్ కదులుతోంది" అని దొంగ ఫోన్‌కే అలర్ట్ వెళ్లొచ్చు.

ఇమ్మొబిలైజర్, కీలెస్ ఎంట్రీ

తాళంలోని చిప్ మ్యాచ్ కాకపోతే ఇంజిన్ స్టార్ట్ కాదు. మంచి ఫీచరే. అయితే బండిని ఎత్తి ట్రాలీ ఆటోలో వేసుకుపోతే స్టార్ట్ చేయాల్సిన అవసరమే లేదు. కీలెస్ కార్లకి రిలే అటాక్ భయం కూడా ఉంది. ఇంట్లో ఉన్న తాళం సిగ్నల్‌ని ఒక పరికరంతో అందుకుని, ఇంకో పరికరంతో కారు దాకా చేరవేస్తారు. తాళం దగ్గర్లోనే ఉందని కారు నమ్మేస్తుంది.

చక్రాల సంగతి

కారు కింద ఇటుకలు పెట్టి అల్లాయ్ వీల్స్ విప్పుకుపోతే ట్రాకర్ అసలు మోగదు. ఎందుకంటే కారు కదల్లేదు కదా! లాక్ నట్స్ వేస్తే దొంగకి లేటవుతుంది, అంతే. గట్టి సాకెట్‌ని సుత్తితో కొట్టి బిగిస్తే కొన్ని నట్లు అలాగే వచ్చేస్తాయి. ఇక్కడ టిల్ట్ సెన్సార్ ఉన్న అలారం నయం.

మరి ఏం చేయాలి?

ఇండియా మోటార్ టారిఫ్‌లో ఏఆర్ఏఐ ఆమోదించిన యాంటీ థెఫ్ట్ డివైజ్‌కి ఇచ్చిన డిస్కౌంట్ సొంత డ్యామేజీ ప్రీమియంలో 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు. వీటి మీద ఇన్సూరెన్స్ వాళ్లకున్న నమ్మకం అంత!

కాబట్టి ఒక్కదాన్నే నమ్ముకోకండి. కంటికి కనిపించే డిస్క్ లాక్ ఒకటి, కనిపించని చోట ట్రాకర్ ఒకటి పెట్టండి. వీలైతే సీసీ కెమెరా, మనిషి కాపలా ఉన్న పార్కింగ్‌లోనే బండి ఆపండి. రెండు తాళాలూ భద్రంగా దాచండి, క్లెయిమ్‌కి అడుగుతారు. బండి పోతే చుక్కని వెంబడిస్తూ మీరే వెళ్లొద్దు. 112కి ఫోన్ చేసి లైవ్ లొకేషన్ పోలీసులకి ఇవ్వండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్ ప్రకారం బండి ఎక్కడ పోయినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. బార్డర్ జిల్లాల్లో ఉండే మనకి అన్నిటికన్నా పనికొచ్చే ఫీచర్ ఇదే.