తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినయెడల చేయవలసిన పనులు

అరకు ప్రాంతపు కాఫీతోటలలో సిల్వరు ఓకు చెట్లపై ప్రాకిన మిరియములు కోయుటకు నిచ్చెనలెక్కువారును, జీలుగుచెట్లెక్కి కల్లు దించువారును, మోటారు సైకిలుపై ముగ్గురేసి సంతకు పోవువారును మనలో గలరు. అనంతగిరి ఘాటుమార్గపు అపాయము ఎల్లరెఱిగినదే. 2021 ఫిబ్రవరి 12వ తేదీన డముకు సమీపమున యాత్రికుల బస్సు లోయలో పడి నలుగురు మరణించిరి. కాలుచేతులు విఱిగినవారు కొంత జాగును ఓర్చుకొనవచ్చును గాని, తలదెబ్బ జాగును ఓర్వదు. కావున ఈ విషయము ప్రతి సభ్యుడును తెలిసికొనదగినది.

అంబలి తీసికొనిపోవు ఆనపబుఱ్ఱలో పెరుగు తోడుపెట్టితిమనుకొనుడు. బుఱ్ఱ జాఱిపడినయెడల పైకి బీట కానరాకున్నను లోని పెరుగు చెదరును. పుఱ్ఱెలోని మెదడును అట్టిదే. ఆ కుదుపువలన మెదడు పని కొంతసేపు తప్పుటచే మనుష్యుడు స్పృహ కోల్పోవును. కొందఱికి త్వరలోనే తెలివి వచ్చును గాని, జరిగినది జ్ఞప్తియందుండదు.

తెలివి వచ్చినది గదా యని ఊరకుండుటయే గొప్ప ప్రమాదము. కణత యెముక పలుచనిది; దాని లోపలి ప్రక్కగా ఒక రక్తనాళము పోవుచుండును. ఎముక పగిలి ఆ నాళము తెగినయెడల, ఎముకకును మెదడుపై పొరకును నడుమ నెత్తురు చేరును. పుఱ్ఱె సాగునది కాదు గనుక ఆ నెత్తురు మెదడునే నొక్కును. లేచి మాటలాడినవాడే కొన్ని గంటలకు మగతగా పడి మరల స్పృహ తప్పును. 2009 మార్చిలో కెనడా దేశమున మంచుపై జాఱుచు పడిన నటాషా రిచర్డ్‌సను అను ఇంగ్లండు నటి, మొదట బాగుగనే మాటలాడి వైద్యము వలదని, పిమ్మట ఇట్టి రక్తస్రావముచేతనే రెండు దినములలో మరణించెను. సకాలమున శస్త్రచికిత్స చేసి నెత్తురు తీసివేసినచో ఇట్టివారు పెక్కురు బ్రదుకుదురు.

కావున క్షణకాలము స్పృహ తప్పినను ఆసుపత్రికి పంపవలెను. తలనొప్పి హెచ్చుట, పలుమారులు వాంతి, తడబాటు మాటలు, లేపినను లేవని మగత, ఒక కంటిపాప పెద్దదగుట, ఒక ప్రక్క చేయి కాలు పడిపోవుట, మూర్ఛ, ముక్కునుండి గాని చెవినుండి గాని నెత్తురో నీరో కాఱుట, వీనిలో ఏ యొక్కటి కనబడినను గడియయైన జాగు చేయరాదు. త్రాగినవాడు పడినప్పుడు ఆ మగత కల్లువలననే యని తలపరాదు.

వెంటనే 108కి ఫోను చేయుడు. ఊపిరి ఆడుచున్నదో లేదో చూడుడు. ఆడనియెడల ఱొమ్ము నడుమ నిమిషమునకు నూఱు మొదలు నూటయిరువది సారులు గట్టిగా నొక్కుచుండవలెను. వాంతి యైనచో తల, మెడ, వెన్ను ఒక్కవరుసగా నుంచి పలువురు కలిసి ప్రక్కకు త్రిప్పుడు. నెత్తురు కాఱుచోట శుభ్రమైన గుడ్డ అదుముడు. ఎముక లోనికి కుంగినచోట నొక్కరాదు. నీరు, కల్లు, మాత్రలు నోట వేయరాదు. మూర్ఛకు తాళపుచెవులు చేతనిడుట నిష్ప్రయోజనము. దిసారిని పిలువదలచినవారు, రోగిని పంపిన పిమ్మట పిలువవచ్చును.

మోటారు రాని గూడెములనుండి గుడ్డడోలీలో మోసినచో దేహము విల్లువలె వంగి, మెడ ముడిగి, ఊపిరికి అడ్డము కలుగును. మంచముపై బల్ల పఱచి, రోగిని కదలకుండ కట్టి మోయుట మేలు. దెబ్బ తగిలిన వేళయు, స్పృహ లేకున్న కాలమును కాగితముపై వ్రాసి పంపుడు. నెత్తురు గడ్డకట్టించు ఒక మందు మూడు గంటలలోపల ఇచ్చిననే మేలుచేయును గనుక వైద్యునికి ఆ వేళ ముఖ్యము. విశాఖపట్టణపు కింగు జార్జి ఆసుపత్రివంటి పెద్ద ఆసుపత్రులలో సి.టి. స్కానుచే లోని నెత్తురును కనుగొందురు.

వైద్యుడు ఇంటికి పంపినను ఒకదినము పెద్దవారొకరు కనిపెట్టియుండవలెను. తలనొప్పియు మతిమఱపును కొన్ని వారములుండవచ్చును. అవి తీరువఱకు చెట్లెక్కనీయకుడు, బండి నడపనీయకుడు.

ప్రతి సంఘమును తన గిడ్డంగియందు ఒక వెడల్పు బల్లను, వెదురుబొంగులను, మోకులను సిద్ధముగా నుంచుట మంచిది. మోటారు సైకిలుపై నడపువాడును వెనుక కూర్చున్నవాడును హెల్మెటు ధరింపవలెనని 1988 నాటి చట్టము విధించుచున్నది. రోడ్డుప్రమాదమున సాయపడినవారికి 2019లో చట్టము రక్షణ కల్పించినది గనుక, పోలీసుభయముచే ఎవరును వెనుదీయ పనిలేదు.