పరదేశంలో సంపాదన... లష్కర్‌లో విశ్రాంతి

సికింద్రాబాద్: అరవై ఏళ్లు నిండేదాకా ఆగకుండా, నాలుగు డబ్బులు వెనకేసుకొని, చౌకగా బతకగలిగిన చోటికి చేరి విశ్రాంతి తీసుకోవాలన్న ఆలోచన ఇప్పుడు అన్ని దేశాలలోనూ ఉన్నది. ఇందుకోసం అమెరికా వారు మెక్సికోకు, ఇంగ్లండు వారు స్పెయిన్‌కు, జపాన్ వారు మలేషియాకు పోతున్నారు. మన తెలుగువారికి మాత్రం ఆ చౌక దేశం కొత్తగా వెతుక్కోవలసింది కాదు. వదిలి వెళ్లిన సొంత దేశమే అది. డాలర్లలోనో దిర్హామ్‌లలోనో సంపాదించి, ఇక్కడ రూపాయలలో ఖర్చు పెట్టుకోవచ్చునన్న ధీమాతో తిరిగి వచ్చేవారిలో పలువురు అల్వాల్, బొల్లారం, యాప్రాల్, సైనిక్‌పురి ప్రాంతాలలో ఇళ్లు చూసుకుంటున్నారు.

మేడ్చల్, శామీర్‌పేట, కీసర వైపు పల్లెలలోనూ విదేశాలలో కొడుకో అల్లుడో ఉన్న కుటుంబాలు తక్కువేమీ కాదు. "ఇక వచ్చేయమందామా?" అన్న మాట ఆ ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదు. అప్పుడు అందరూ వేసుకునే ప్రశ్న, ఇక్కడ ఖర్చు ఎంత తక్కువ అని. అంతకంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. చేతికి వచ్చే డబ్బు ధరలతోపాటు పెరుగుతుందా, లేదా? ముందుగా విశ్రాంతి తీసుకున్నవారి సుఖమూ కష్టమూ దీనిమీదే ఆధారపడి ఉన్నాయి.

సిపాయి లెక్క

ముందుగా కొలువు విరమించి స్థిరపడటం సికింద్రాబాద్‌కు కొత్త కాదు. 1798లో నిజాం అలీఖాన్‌కు, ఇంగ్లీషువారికి కుదిరిన ఒప్పందంతో హుస్సేన్‌సాగర్ ఉత్తరాన సైన్యం విడిది చేసింది. 1806లో ఆ విడిదికి సికందర్ జా పేరు పెట్టారు. జనం నోట మాత్రం అది నేటికీ లష్కర్. ఇక్కడి ఆషాఢ బోనాలను కూడా లష్కర్ బోనాలనే అంటారు.

సిపాయి కొలువు మామూలు కొలువులవంటిది కాదు. పద్దెనిమిదేళ్లకు చేరి, 15 ఏళ్ల సర్వీసు పూర్తి చేస్తే పింఛనుకు అర్హత వస్తుంది. అందుకే చాలామంది జవాన్లు నలభై నిండకముందే మాజీ సైనికులవుతారు. చివరి జీతంలో సగం పింఛను. ధరల పెరుగుదలను బట్టి జనవరిలో, జులైలో దానిమీద కరువు భృతిని సవరిస్తారు. 2014 జులై 1 నుంచి ఒకే హోదా-ఒకే పింఛను విధానం కూడా వర్తిస్తున్నది. సరుకులకు మిలటరీ క్యాంటీన్ ఉన్నది. వైద్యానికి 2003లో మాజీ సైనికుల ఆరోగ్య పథకం మొదలైంది. సైనికుని తదనంతరం భార్యకు కుటుంబ పింఛను వస్తుంది.

తిరుమలగిరి చుట్టుపక్కల ఇంతమంది మాజీ సైనికులు నిలదొక్కుకోవడానికి కారణం ఇక్కడి చవక ఒక్కటే కాదు. వారి రాబడి ధరలకు వెనకబడకుండా నడవడమే అసలు కారణం. అయినా బ్యాంకు కాపలా కొలువులలోనూ, దుకాణాలలోనూ రెండో సంపాదన చూసుకునేవారే ఎక్కువ. పిల్లల చదువులు, పెళ్లిళ్లు నలభై ఏళ్ల తరువాతనే కదా వచ్చేది!

ఈ లెక్క 2022లో మారింది. ఆ ఏడాది జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకం కింద చేరినవారికి సర్వీసు నాలుగేళ్లే. ప్రకటించిన నిబంధనల ప్రకారం నూటికి 25 మందిని మించకుండా కొనసాగిస్తారు. మిగతావారికి సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధి ఇచ్చి పంపుతారు. పింఛను లేదు. జూన్ 17న సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో రైలు పెట్టెలు తగలబడి, పోలీసు కాల్పులలో ఒక యువకుడు ప్రాణం కోల్పోయినది ఈ పథకంపై రేగిన ఆందోళనలోనే. నెలనెలా వచ్చే డబ్బుకూ, ఒక్కసారి చేతిలో పెట్టే డబ్బుకూ ఉన్న తేడా ఎంతటిదో ఆ యువకులకు చెప్పవలసిన పని లేకపోయింది.

గల్ఫ్ లెక్క

గల్ఫ్‌కు వెళ్లినవారి పరిస్థితి ఈ రెండో రకానిదే. అక్కడి కూలీకి ముసలితనంలో పింఛను ఉండదు. తిరిగి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీయే అతని హక్కు.

దుబాయి, అబుదాబిలున్న ఎమిరేట్స్ దేశంలో మొదటి 5 ఏళ్లకు ఏడాదికి 21 రోజుల జీతం, ఆ తరువాత ఏడాదికి 30 రోజుల జీతం చొప్పున దీనిని కడతారు. అదీ మూలవేతనం మీదనే. తిండి, బస, ఓవర్‌టైం డబ్బులు లెక్కలోకి రావు. 1,000 దిర్హామ్‌ల మూలవేతనంతో 20 ఏళ్లు చేసినవాడికి మొదటి 5 ఏళ్లకు 105 రోజులు, తరువాతి 15 ఏళ్లకు 450 రోజులు, వెరసి 555 రోజుల జీతం వస్తుంది. అంటే 18,500 దిర్హామ్‌లు. దిర్హామ్‌కు 23 రూపాయల చొప్పున చూస్తే 4,25,500 రూపాయలు. ఇరవై ఏళ్ల ఎండకు దక్కే ప్రతిఫలం ఇది. మిగిలినదంతా అతను స్వయంగా కూడబెట్టుకున్నదే.

కూడబెట్టుకున్న సొమ్ము సంగతి చూద్దాం. 45 ఏళ్లవాడు 30 లక్షలతో వచ్చి బ్యాంకులో వేశాడనుకుందాం. నూటికి 7 రూపాయల వడ్డీ అయితే నెలకు 17,500 వస్తుంది. ఇంటి ఖర్చూ అంతే. ఏ లోటూ లేనట్లు కనిపిస్తుంది. కాని ధరలు ఏటా నూటికి 6 చొప్పున పెరిగితే 12 ఏళ్లలో రెండింతలవుతాయి. అతని 57వ ఏట అదే ఇల్లు నడవడానికి 35,000 కావాలి. వడ్డీ మాత్రం 17,500 దగ్గరే నిలిచి ఉంటుంది. ఖర్చు వడ్డీని దాటిన నాటినుంచే అసలు తరగడం మొదలవుతుంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని పెద్దలన్నది ఇందుకే.

ఎంత ఉంటే చాలునో చూసుకోవడానికి అమెరికాలో ఒక కొలత వాడుతున్నారు. విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1994లో వేసిన లెక్కల నుంచి వచ్చినది అది. మొదటి ఏడాది ఖర్చుకు 25 రెట్లు నిలువ ఉంటే, ధరలు పెరిగినా సుమారు 30 ఏళ్లు వస్తుందని దాని సారాంశం. నెలకు 20,000 ఖర్చున్న ఇంటికి ఈ కొలత ప్రకారం 60 లక్షలు కావాలి. అది అమెరికా షేర్లు, బాండ్లను చూసి వేసిన లెక్క. మన దగ్గర అచ్చంగా అలాగే జరుగుతుందని అనుకోరాదు. నలభై అయిదుకే మానుకున్నవాడు ఎనభై దాకా బతికితే 35 ఏళ్లు గడవాలన్నదీ మరువరాదు.

అమెరికా, ఇంగ్లండు లెక్కలు

అమెరికాలో ఉద్యోగం చేసినవారి జీతంలో సోషల్ సెక్యూరిటీ కింద కొంత కోసుకుంటారు. దానినుంచి పింఛను రావాలంటే మొత్తం మీద పదేళ్ల పాటు ఆ చందా కట్టి ఉండాలి. మన దేశానికీ అమెరికాకూ మధ్య ఈ విషయంలో ఒప్పందం లేనందున ఏడెనిమిదేళ్లు చేసి వచ్చేసినవారికి ఆ డబ్బు అక్కడే పోయినట్లు. పదేళ్లు నిండినవారికి కూడా 62 ఏళ్లు వచ్చేవరకు పైసా రాదు. 45 ఏళ్లకే మానుకుంటే మధ్యలో 17 ఏళ్లు సొంత నిలువతో నెట్టుకు రావాలి. ఆ తరువాత మాత్రం ధరలను బట్టి ఏటా పెరిగే పింఛను అందుతుంది.

ఇంగ్లండు పద్ధతి వేరు. అక్కడి ప్రభుత్వ పింఛను తీసుకుంటూ ఇండియాలో ఉండేవారికి అది మొదట ఎంత ఉన్నదో అంతకే ఆగిపోతుంది. 2000లో అక్కడి మూల పింఛను వారానికి 67.50 పౌండ్లు. 2024 నాటికి అది 169.50 పౌండ్లకు పెరిగింది. అయితే 2000లో పింఛను మొదలై ఇక్కడ స్థిరపడినవారికి మాత్రం నేటికీ 67.50 పౌండ్లే. స్పెయిన్‌లో ఉన్నవారికి పెంచి, ఇండియాలో ఉన్నవారికి పెంచకపోవడం న్యాయమా అని ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నా ఫలితం లేదు.

రూపాయి విలువ పడిపోవడం వల్ల విదేశీ డబ్బుకు కొంత బలం వస్తున్న మాట నిజమే. 1966 జూన్‌లో డాలరు 4.76 రూపాయల నుంచి 7.50కి మారింది. 2013లో 60 దాటింది. 2024 చివరికి 85 అయింది. దిర్హామ్, రియాల్ కూడా డాలరుకు కట్టిన నాణేలే కనుక వాటి దారీ అదే. కాని ఈ లాభం డబ్బును అక్కడి నాణెంలో ఉంచుకున్నవారికీ, అక్కడినుంచి పింఛను వచ్చేవారికీ మాత్రమే. వచ్చిన మరునాడే అంతా రూపాయలలోకి మార్చుకొని ఇల్లు కట్టినవాడికి అందులో భాగం లేదు.

జబ్బు, జాగా

ముందుగా విశ్రాంతి తీసుకునేవారిని దెబ్బతీసేవి మరి రెండు ఉన్నాయి. మొదటిది జబ్బు. అమెరికా ప్రభుత్వం వృద్ధులకిచ్చే మెడికేర్ ఇండియాలో చేసుకున్న వైద్యానికి చెల్లదు. కంపెనీ ఇచ్చిన బీమా ఉద్యోగంతోనే పోతుంది. ఇక్కడ కొత్తగా బీమా తీసుకుంటే, అప్పటికే ఉన్న చక్కెర, రక్తపోటు వంటి జబ్బులకు మూడేళ్ల వరకు చెల్లింపు ఉండకపోవచ్చు. కనుక రాకముందే, ఆరోగ్యంగా ఉన్నప్పుడే బీమా చేసుకోవడం తెలివైన పని. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. తిరిగి వచ్చినవారి పేరు ఇంటి కార్డులో ఉన్నదో లేదో ముందుగానే చూసుకోవాలి.

రెండవది భూమి. 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసుల సభలో మొదటిసారిగా పంచిన ఓసీఐ కార్డు ఉంటే వీసా బెడద లేకుండా ఇక్కడ ఉండవచ్చు, ఇల్లు కొనవచ్చు. సాగుభూమి మాత్రం కొనరాదు. తోటలు, ఫామ్‌హౌస్‌లు కూడా అంతే. విదేశంలో నివసిస్తున్న భారత పౌరులకూ ఈ ఆంక్ష ఉన్నది. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన పొలాన్ని ఉంచుకోవచ్చు. పరదేశపు పౌరసత్వం తీసుకున్న కొడుకు పంపిన డబ్బుతో బంధువుల పేరిట పొలం కొని, "వచ్చాక చూసుకుందాం" అనుకునేవారు ఈ సంగతి గ్రహించాలి. కాగితం ఎవరి పేరిట ఉంటే హక్కు వారిదే. అన్నదమ్ముల మధ్య తగవులు ఇక్కడే పుడుతున్నాయి.

ఏం చేయాలి?

ఇంకా విదేశంలోనే ఉన్నవారికి వ్యవధి ఉన్నది. జాతీయ పింఛను విధానంలో విదేశాలలో ఉన్న భారత పౌరులు కూడా చేరవచ్చు. ఇంటి కప్పుకూ, పెళ్లి పందిరికీ పంపిన డబ్బులో నుంచి కొంత అందులో పడినా అరవై తరువాత ఒక ఆసరా. వచ్చిన తరువాత వడ్డీ అంతా ఖర్చు చేయక, కొంత తిరిగి అసలులో కలుపుకోవాలి. చేతనైనంత కాలం చిన్నదో పెద్దదో ఒక సంపాదన ఉంచుకోవడం అన్నిటికంటే మేలు. మాజీ సైనికులు చేస్తున్నది అదే.

అన్నిటికన్నా ముందు చేయవలసింది పైసా ఖర్చు లేని పని. దుబాయిలో ఉన్నవాడికి ఇంటి ఖర్చు పంపిన లెక్కే కాని, అయిన లెక్క తెలియదు. అది తెలిసినది ఇంట్లో ఉన్న ఆడవారికి. బియ్యం, నూనె, బడి ఫీజు, మందులు, పెట్టుపోతలు అన్నీ ఒక నోటుపుస్తకంలో ఏడాది పాటు రాసిపెట్టి, ఆ మొత్తాన్ని ఫోనులో చెప్పాలి. రాజీనామా కాగితం రాసేది ఆ అంకె విన్న తరువాతనే.