పోడోఫోబియా

చిక్కబళ్లాపురం జిల్లా చింతామణి, బాగేపల్లి పెళ్లిళ్లలో వరుడి కాళ్లు కడగడం, పెద్దల కాళ్లకు మొక్కడం మామూలే. పాదాలు కంటపడగానే గుండె దడదడలాడి, చెమటలు పట్టేవాళ్లకు మాత్రం ఆ పందిట్లో నిలబడటమే గండం. ఈ భయమే పోడోఫోబియా. కాస్త రోత ఉన్నంత మాత్రాన జబ్బు కాదు. సాధారణంగా 6 నెలలకు పైగా వెంటాడి, రోజువారీ బతుక్కి అడ్డుపడితేనే వైద్యులు రుగ్మత అంటారు.

ప్రధాన చికిత్స ఎక్స్‌పోజర్ థెరపీ. ముందు పాదం బొమ్మ, తర్వాత ఫొటో, వీడియో, ఆపైన గదిలో ఆ మూల చెప్పులు విడిచి కూర్చున్న మనిషి, చివరికి చేత్తో తాకడం. ఒక్కో మెట్టు దగ్గర దడ తగ్గేదాకా ఆగాలి. మధ్యలో లేచి వెళ్లిపోతే భయానిదే పైచేయి. కుందేలంటే హడలిపోయే పిల్లవాడికి ఇష్టమైన తిండి పెడుతూ కుందేలును కొంచెం కొంచెంగా దగ్గరికి తెచ్చి మనస్తత్వవేత్త మేరీ కవర్ జోన్స్ 1924లోనే ఈ దారి చూపింది. ఆలోచనల తీరు మార్చే సీబీటీని కూడా దీనికి జోడిస్తారు. మాత్రలది పక్కవాద్యమే.

అన్నట్టు, ‘ఏం కాదులే’ అంటూ చుట్టాలు బలవంతంగా కాళ్లు పట్టించడం థెరపీ కాదు, హింస.

చిక్కబళ్లాపురం వాళ్లకు బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ దగ్గరే. అంతదూరమూ వెళ్లలేకపోతే 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ ఉంది. 14416కి ఫోన్ చేసి తెలుగులోనే ఉచితంగా మాట్లాడొచ్చు.