వార్తల్లో పదం: రీబిల్డ్

ఓడిపోతున్న జట్టు పేరున్న సీనియర్లను వదులుకుని, రేపటి కోసం కుర్రాళ్ల మీద పందెం కాయడమే రీబిల్డ్. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఈ మాట తరచూ వినిపిస్తుంది. అక్కడ డ్రాఫ్ట్ ఉంది. అట్టడుగు జట్లకు 18 ఏళ్ల మేటి ఆటగాణ్ని ముందుగా ఎంచుకునే అవకాశం ఎక్కువ. ఎడ్మంటన్ 2012లో అందరికంటే ముందు నెయిల్ యాకుపోవ్‌ను ఎంచుకుంది. 2016లో వదిలించుకుంది.

ఐపీఎల్‌లో ఉన్నది వేలం. ఆఖరున నిలిచినందుకు దక్కేదేమీ లేదు. 2023లో పదో స్థానంలో మిగిలిన సన్‌రైజర్స్, ఆ సీజన్ కోసమే విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని 20 లక్షలకు తీసుకుంది. ఆడించింది రెండే మ్యాచ్‌లు. మరుసటి ఏడాది అతను 303 పరుగులు చేశాడు, ఎమర్జింగ్ ప్లేయర్ అయ్యాడు. జట్టు ఫైనల్ చేరింది. ఆపైన 6 కోట్లకు అట్టిపెట్టుకున్నారు. 2025లో చేసినవి 182 పరుగులే.

పందెం తప్పిందా? 20 లక్షలు పోయినా జట్టుకు లెక్కలోది కాదు; అసలు జూదం 6 కోట్లది. అయితే కోహీర్‌లో జామతోట వేసిన రైతు తొలి కాపును బట్టి తోటకు విలువ కట్టడు. 2024, 2025 సీజన్ల మధ్యే మెల్‌బోర్న్ టెస్టులో నితీశ్ 114 కొట్టాడు. 2025లో బౌలింగ్ పెద్దగా చేయనేలేదు. ఆల్‌రౌండర్‌గా కొన్నవాణ్ని పరుగులతోనే తూచడం, నా లెక్కలో, సగం తూకమే.