రవాణా వృత్తిలో మద్య, మాదకద్రవ్య పరీక్షలు: కోవిల్‌పట్టి, విరుదునగరముల దృష్టితో ఒక పరిశీలన

ఆదిలాబాదు వద్ద తెలుగునేలను ప్రవేశించి హైదరాబాదు, కర్నూలు, అనంతపురముల మీదుగా దక్షిణమునకు సాగు 44వ నెంబరు జాతీయ రహదారి బెంగుళూరును, సేలమును, మధురను దాటి, విరుదునగరము, సాత్తూరు, కోవిల్‌పట్టి మార్గమున కన్యాకుమారి చేరుచున్నది. ఈ భాగమున పెద్దలు నేటికిని దానిని పాత పేరుతో 7వ నెంబరు రోడ్డనియే పిలుతురు. విజయనగర, నాయకరాజుల కాలములందు తెలుగు కుటుంబములు ఉత్తరము నుండి వచ్చి ఈ నల్లరేగడి భూములను సాగులోనికి తెచ్చిన సంగతి మన సంఘసభ్యులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఆ వలసకథనే ఇడైచెవల్ గ్రామవాసియైన కి. రాజనారాయణన్ తన ‘గోపల్ల గ్రామము’ అను తమిళ నవలకు వస్తువుగా గైకొనిరి. ఆనాడు దారిలో నడచినవి ఎడ్లబండ్లు. నేడు ఇదే దారిని అగ్గిపెట్టెలు, బాణసంచా, మిరపకాయలు, పప్పుదినుసులు, నూనెడబ్బాలు లారీలపై తెలుగునాటి బజారులకు పోవుచున్నవి. లారీ యజమానులలోను, డ్రైవర్లలోను ఇంట తెలుగు మాటలాడువారు పలువురు కలరు.

రాత్రివేళ బయలుదేరు ఆ లారీని నడుపువాడు మద్యము సేవించి లేడని ఎవరు తెలిసికొనవలెను? ఎప్పుడు, ఏ విధమున తెలిసికొనవలెను? తెలిసికొనకున్న నష్టము ఎవరిపై పడును? ఈ ప్రశ్నలకు మన చట్టమిచ్చు సమాధానము ఒకవైపునకే మొగ్గియున్నదని నా అభిప్రాయము. డ్రైవరు శిక్ష స్పష్టముగా వ్రాయబడినది. బండి తాళమును వాని చేతికిచ్చు యజమాని విధి మాత్రము అంత స్పష్టముగా వ్రాయబడలేదు.

ఈ ప్రాంతమున సరకు స్వభావమే వేరు. శివకాశి బాణసంచా లారీగాని, కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల లారీగాని ప్రమాదమున జిక్కిన, ధాన్యపు లారీ బోల్తాపడినట్లు ఆ నష్టము అంతటితో ఆగదు. ఇంకొక సంగతి. తెల్లవారకముందే గ్రామగ్రామమునకు పోయి, అగ్గిపెట్టెల కర్మాగారములకును, బాణసంచా కర్మాగారములకును స్త్రీలను ఎక్కించుకొనివచ్చు వ్యానులున్నవి. ఒక్కొక్క బండిలో ఒక ఊరి సగము ఇండ్ల తల్లులు కూర్చుండియుందురు. ఆ వేకువజామున డ్రైవరు రక్తములో ముందటి రాత్రి త్రాగిన మద్యము ఎంత మిగిలియున్నదో చూచువారెవరు?

చట్టమును ముందు చూతము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను మొదట వ్రాసినప్పుడు, డ్రైవరు రక్తములో మద్యసారము ఎంత స్వల్పముగానున్నను నేరమే. 1994 సవరణ వలన 100 మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములను మించియుండుట నేరమని మార్చిరి. 2019 సవరణ శిక్షను పెంచినది: మొదటిసారి 10,000 రూపాయల జరిమానా, లేక ఆరు నెలల వరకు ఖైదు, లేక రెండును, తిరిగి చేసినచో 15,000 రూపాయలు, లేక రెండేండ్ల వరకు ఖైదు, లేక రెండును. అంతకుముందు మొదటి జరిమానా 2,000 రూపాయల లోపు. 203వ సెక్షను ప్రకారము యూనిఫారములోనున్న పోలీసు అధికారి సహేతుకమైన అనుమానమున్నచో శ్వాసపరీక్ష కోరవచ్చును. పట్టుబడినవానిని, నిరాకరించినవానిని వారంటు లేకయే నిర్బంధింపవచ్చును. అట్లు నిర్బంధించినవానిని రెండు గంటలలోగా వైద్యపరీక్షకు పంపవలెను, పంపనిచో విడువవలెనని 202వ సెక్షను చెప్పుచున్నది. ఈ రెండు గంటల నియమము డ్రైవరుకు రక్షణ. దీనిని ఎరిగిన డ్రైవర్లు అరుదు.

యజమానిని గూర్చి ఈ చట్టము పూర్తిగా మౌనము వహించినదా యన్న, లేదు. 188వ సెక్షను కలదు. 185వ సెక్షను నేరమునకు ప్రోత్సాహమిచ్చినవారికిని ఆ నేరమునకుగల శిక్షయే. డ్రైవరు త్రాగియున్నాడని యెరిగియు ‘సరకు ఆలస్యమగును, బయలుదేరుము’ అని పంపినవాడు ఈ సెక్షను క్రిందికి వచ్చుటకు అవకాశమున్నది. కాని ఎరిగియుండెనని ఋజువు చేయవలెను గదా! పరీక్షయే చేయని యజమాని ‘నాకు తెలియదు’ అనుట సులభము. కనుక తెలిసికొనకుండుటయే లాభమను ధోరణి పుట్టినది. ఇది నా దృష్టిలో పెద్ద లోపము.

రైల్వేలయందు ఈ లోపము లేదు. మధుర నుండి తిరునెల్వేలికి పోవు రైలుమార్గము విరుదునగరము, కోవిల్‌పట్టి స్టేషనుల మీదుగానే పోవును. ఆ రైలు నడుపు లోకో పైలట్ విధిలో చేరునప్పుడే శ్వాసపరీక్షకు నిలువవలెను. 1989 నాటి రైల్వే చట్టము 172వ సెక్షను ప్రకారము విధిలో మత్తునందుండి ప్రయాణికులకు అపాయము కల్గించునట్లున్న రైల్వే ఉద్యోగికి ఏడాది వరకు ఖైదు. విమానములందు నియమము ఇంకను కఠినము: ప్రయాణమునకు ముందు 12 గంటలలో మద్యము ముట్టరాదు, పరీక్షలో మొదటిసారి పట్టుబడిన పైలట్ లైసెన్సును మూడు నెలలు నిలిపివేయుదురు. 2022 జనవరి 31 నుండి వైమానిక సిబ్బందికి మాదకద్రవ్య పరీక్షలు గూడ ఆరంభమైనవి. ఒకే ఊరిలో రైలు నడుపువానికి పరీక్ష నిత్యవిధి. రైల్వే గేటుకు ఈవల బాణసంచా లారీ నడుపువానికి మాత్రము రోడ్డుపై పోలీసు ఆపినప్పుడే!

అమెరికాలో నివసించు మన బంధువులకు ఈ విషయమున వేరొక పద్ధతి తెలియును. 1987 జనవరి 4న మేరీలాండు రాష్ట్రమున చేజ్ వద్ద జరిగిన రైలు ప్రమాదమున 16 మంది మరణించిరి. ప్రమాదమునకు కారణమైన ఇంజనుల సిబ్బంది శరీరములందు గంజాయి ఆనవాళ్లు కనబడినవి. 1991 ఆగస్టున న్యూయార్కు భూగర్భ రైలు త్రాగియున్న డ్రైవరు చేతిలో పట్టాలు తప్పి ఐదుగురు మృతిచెందిరి. ఆ సంవత్సరమే రవాణా ఉద్యోగుల పరీక్షా చట్టము వచ్చినది. దాని వైశిష్ట్యమేమన, పరీక్షింపవలసిన బాధ్యత యజమానిపై మోపబడినది. ఉద్యోగమునకు ముందు, ప్రమాదము తరువాత, అనుమానము కల్గినప్పుడు, చీట్లెత్తినట్లు ముందు తెలుపక, మరల విధిలో చేరునప్పుడు — ఇన్ని సందర్భములందు పరీక్ష జరుగవలెను. తప్పినచో యజమానికే జరిమానా. ఒకచోట పట్టుబడిన డ్రైవరు ఆ సంగతి దాచి మరియొకచోట చేరకుండ 2020 జనవరి నుండి దేశమంతటికిని ఒకే రికార్డు ఏర్పరచిరి. ఇంత యంత్రాంగము ఇరువది లారీల యజమానికి మన దేశమున సాధ్యము కాదు; అందలి మూలసూత్రము మాత్రము సాధ్యమే.

శ్వాసపరీక్ష యెట్లు పనిచేయునో కొంచెము వివరింతును, ఏలయన అపోహలెక్కువ. రక్తములోని మద్యసారము ఊపిరితిత్తులలో గాలిలోనికి వచ్చును. రక్తములో ఉన్నదానికిని ఊపిరిలో ఉన్నదానికిని ఇంచుమించు 2,100కి 1 నిష్పత్తి కలదని తీసికొని యంత్రము లెక్కకట్టును. 1954లో అమెరికాలో రాబర్ట్ బోర్కెన్‌స్టీన్ నిర్మించిన యంత్రము రంగుమార్పును బట్టి చెప్పెడిది. నేటి చేతియంత్రములు సాధారణముగా ప్లాటినము పలకపై మద్యసారము ఆక్సీకరణము చెందగా పుట్టు విద్యుత్తును కొలుచును. తినినది, నమిలినది మాపును గాని రక్తములోనిది మాపదు. తమలపాకు, ఏలకులు, వెల్లుల్లి యంత్రమును మోసగింపలేవు.

కాలేయము మద్యమును గంటకు సుమారు 15 నుండి 20 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే తొలగించును. కాఫీ, మజ్జిగ, తలస్నానము ఈ వేగమును పెంచలేవు. రాత్రి 11 గంటలకు ఒకని రక్తమున 150 మిల్లీగ్రాములున్నవనుకొందము. గంటకు 15 చొప్పున తగ్గగా తెల్లవారి 5 గంటలకు 60 మిగులును, అనగా చట్టపు హద్దునకు రెట్టింపు. 7 గంటలకు గాని 30కి దిగదు. వాడు నిద్రించి లేచి, ముఖము కడిగికొని, విభూతి ధరించి, శుభ్రమైన చొక్కాతో వ్యాను వద్దకు వచ్చును. వాసన యుండకపోవచ్చును. ‘నేను త్రాగలేదు’ అని వాడన్నచో అబద్ధమాడుచున్నానను తలంపు గూడ వానికి లేదు. యంత్రము తప్ప మరేదియు ఇది చెప్పజాలదు.

యంత్రము పొరబడు సందర్భములును కలవు. 2025 జూలైలో మన పొరుగు రాష్ట్రమైన కేరళలో, పందళం బస్సు డిపోలో డ్రైవర్లు పనసపండు తిని పరీక్షకు నిలువగా యంత్రము మద్యమున్నట్లు చూపినది! మరల విచారించి వారు త్రాగలేదని తేల్చిరి. బాగుగా మాగిన పండు, అరిష్టములు, ఆసవములు, కొన్ని దగ్గుమందులు నోటిలో మద్యసారమును మిగుల్చును. కనుక మొదట చూపిన అంకెను నమ్మక, నోరు పుక్కిలించి, 15 నిమిషములు కూర్చుండబెట్టి, రెండవసారి పరీక్షింపవలెను. నోటిలోనిది అప్పటికి పోవును, రక్తములోనిది పోదు. ఒక్క అంకెతో ఒకని జీవనోపాధి తీయుట అన్యాయము.

న్యాయస్థానముల తీర్పులు రెంటిని ఇచ్చట ప్రక్కప్రక్కన ఉంచి చూడవలెను. 1971లో బచూభాయ్ కేసులో సుప్రీముకోర్టు, నోట వాసన, తడబడు నడక, విస్ఫారిత నేత్రములు — ఇవి మాత్రమే త్రాగినాడనుటకు చాలవని చెప్పినది. రక్తముగాని మూత్రముగాని పరీక్షింపలేదుగదా యని ప్రశ్నించినది. ఇది క్రిమినల్ కేసు. 2021 ఏప్రిలులో పెర్ల్ బెవరేజెస్ కేసులో అదే కోర్టు, భీమా విషయమున వేరొక మాట చెప్పినది: శ్వాసపరీక్షగాని రక్తపరీక్షగాని లేకున్నను, ఇతర సాక్ష్యము వలన డ్రైవరు మత్తులోనుండెనని తేలినచో భీమా కంపెనీ బండి నష్టపరిహారము నిరాకరింపవచ్చును. మన యజమానులు ఈ రెండవ తీర్పును శ్రద్ధగా చదువవలెను. పరీక్ష లేదు గనుక డ్రైవరు క్రిమినల్ కేసు నుండి తప్పించుకొనవచ్చును. కాని యజమాని లారీ విలువ తిరిగి రాకపోవచ్చును. బయలుదేరునప్పుడు పరీక్షించి, సున్న అని పుస్తకమున వ్రాసి, డ్రైవరు సంతకము తీసికొనియుండిన, ఆ కాగితము ఇరువురి పక్షమునను మాటలాడును.

‘మావాడు ముప్పది ఏండ్లుగా నాతోనున్నాడు, వానికి పరీక్షయా? అవమానము’ అను మాట మన యజమానుల నోట తరచుగా వినబడును. అందరికిని జరుగు పరీక్షలో అవమానమేమి? అనుమానించినవానినే పిలిచి ఊదుమనుట అవమానము. యజమాని కుమారుడు బండి తీసినను ఊదవలెనన్నచో ఆ మాటకు తావుండదు. అయితే యజమాని చేయు పరీక్షకు 203వ సెక్షనులోని నిర్బంధబలము లేదు. ఉద్యోగమున చేర్చుకొనునప్పుడే ఈ నియమమును డ్రైవరు చదువగల భాషలో వ్రాసి, అంగీకారము పొందవలెను. ఇక్కడి తెలుగువారిలో పలువురికి తెలుగు లిపి రాదు గనుక తమిళముననే వ్రాయుట మేలు.

మాదకద్రవ్యముల సంగతి వేరు. 185వ సెక్షను మత్తుమందు ప్రభావమున వాహనమును అదుపుచేయలేని స్థితిని నేరముగా చెప్పినను, మద్యమునకువలె ఒక అంకెను పెట్టలేదు. గంజాయి ఆనవాలు మూత్రమున కొన్ని దినముల వరకును, అలవాటుపడినవారిలో కొన్ని వారముల వరకును కనబడును. అప్పుడు వాడు మత్తులోనున్నాడని ఆ పరీక్ష చెప్పదు. అందుచేతనే అమెరికా పద్ధతిలో మూత్రపు నమూనాను రెండు భాగములు చేసి ఒకటి దాచుదురు. ఫలితమును వైద్యుడు చూచి, డ్రైవరు వాడు మందుల సంగతి విచారించిన తరువాతనే ప్రకటింతురు. ఇచ్చట మందుల దుకాణమున దొరకు చౌక మూత్రపు పట్టీతో ఒకనిని పనినుండి తొలగించుట సరికాదు. అనుమానమున్న ఆ దినము బండి ఇవ్వక, గుర్తింపుగల ప్రయోగశాలకు పంపుట సరియైన మార్గము. జలుబుమందులు గూడ నిద్ర తెచ్చునని డ్రైవరుకు చెప్పువారు తక్కువ.

2016 డిసెంబరు 15న కె. బాలు దాఖలుచేసిన, తమిళనాడునకు సంబంధించిన కేసులోనే జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యము దుకాణములు ఉండరాదని సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. పిమ్మట చిన్న ఊళ్లకు ఆ దూరమును 220 మీటర్లకు తగ్గించిరి. 2017 జూలైలో పురపాలక సంఘ పరిధులకు ఆ నిషేధము వర్తింపదనిరి. కోవిల్‌పట్టి, విరుదునగరము రెండును పురపాలక పట్టణములే. దుకాణమును దూరము జరుపుట వలన కొంత మేలున్నను, లారీ డ్రైవరు త్రాగుటకు దుకాణపు సామీప్యము ఒక్కటే కారణము కాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము ఐదుగురు, అంతకెక్కువ కార్మికులున్న సంస్థలలో దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటల పనిని హద్దుగా పెట్టినది. దూరపు మార్గములందు అనుమతితో గూడ 10 గంటలు, 54 గంటలకు మించరాదని ఆ చట్టము నియమించియుండెను. 2020 నాటి వృత్తి భద్రతా సంహితలో ఆ చట్టమును కలిపిరి. ట్రిప్పు లెక్కన జీతమిచ్చి, తొందరగా చేరినవానికి ఎక్కువ బత్తా యిచ్చు యజమాని ఈ హద్దును తానే చెరిపివేయుచున్నాడు. నిద్రలేనివాడు మెలకువకు ఒకటి, తరువాత నిద్రకు మరొకటి వెదకుకొనును. ఒక్క చేతియంత్రము కొని, బత్తా లెక్క మార్చనిచో పని సగమే జరిగినట్లు.

పరీక్షలో హద్దు మించినవానిని ఏమి చేయవలెననునది తుది ప్రశ్న. ఆ దినము బండి ఇవ్వరాదు. ఇందులో బేరము లేదు. కాని మొదటిసారికే వానిని వెడలగొట్టినచో వాడు ప్రక్క యజమాని వద్ద, పరీక్ష లేనిచోట, మరునాడే చేరును. లారీ అదే, రోడ్డు అదే. ఇరు పట్టణముల లారీ యజమానులు కలసి ఒకే నియమము వ్రాసికొనినగాని ఇది ఆగదు. మొదటిసారికి జీతము కోయక విశ్రాంతియు, వైద్యుని సలహాయు. రెండవసారికి నడుపు పని తప్పించి షెడ్డులోనో, లోడు పనిలోనో నియమించుట. యంత్రమునకు ఏడాదికొకసారియైనను సరిచూపు పత్రము. ఫలితపు పుస్తకమును యజమాని, డ్రైవర్ల పక్షమున ఒకడు, ఇరువురును చూచు ఏర్పాటు. యంత్రమును షెడ్డు గుమాస్తా బల్లపై గాక తాళముల కొక్కెము ప్రక్కనే ఉంచుట మంచిది. తాళము తీయువాడు ముందు దానిని చూడవలసియుండును.