మందుల బండి దగ్గర నిలబడి
(మా ఊరి తెలుగు రేడియోలో ఆదివారం ఉదయం చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



పోయినవారం కార్యక్రమం చివర్లో ఒక అమ్మగారు ఫోన్ చేసి అడిగారు. "మా కోడలు ఇండియాలో ఎమ్మెస్సీ చదివింది. ఇప్పుడిక్కడ ఎల్.వి.ఎన్. కోర్సులో చేరతానంటోంది. ఇంత చదువుకుని ఇదేం పనమ్మా? అసలది నర్సా, ఆయానా?" అని. టైమయిపోయి అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇవాళ తీరిగ్గా చెబుతాను. ఎందుకంటే నేను చేసే పని అదే.

నేను టెక్సాసుకి 2003లో వచ్చాను. అప్పట్లో హెచ్-4 వీసా మీద ఉద్యోగం చేసే వీల్లేదు. గ్రీన్ కార్డు వచ్చి పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక, 2011లో కమ్యూనిటీ కాలేజీలో ఈ కోర్సు చేశాను. అప్పటినుంచీ నర్సింగ్ హోంలోనే పని. మన ఊళ్లో నర్సింగ్ హోం అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి కదా. ఇక్కడ అలా కాదు. ఇంట్లో చూసుకోవడం కుదరని పెద్దవాళ్లు నెలలూ సంవత్సరాలూ ఉండే చోటు.

ముందు పేర్ల సంగతి. టెక్సాసులో, కాలిఫోర్నియాలో లైసెన్స్‌డ్ వొకేషనల్ నర్సు అంటారు, ఎల్.వి.ఎన్. అన్నమాట. మిగతా రాష్ట్రాల్లో లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సు, ఎల్.పి.ఎన్. పని ఒకటే. ఏడాదో, ఏడాదిన్నరో చదువు, ఆస్పత్రుల్లో శిక్షణ, ఆ తర్వాత ఎన్‌క్లెక్స్-పి.ఎన్. అనే పరీక్ష. అది పాసయితే రాష్ట్రం లైసెన్సు ఇస్తుంది. టెక్సాసులో దానికి తోడు నర్సింగ్ చట్టాల మీద ఇంకో పరీక్ష కూడా రాయాలి. 2004 దాకా ఇక్కడ ఎల్.వి.ఎన్.లకు వేరే బోర్డు ఉండేది. ఆ ఏడు రెంటినీ కలిపి ఆర్.ఎన్.లకీ మాకూ ఒకే బోర్డు చేశారు.

అంచేత అమ్మగారూ, మీ ప్రశ్నకి మొదటి జవాబు: నర్సే. అయితే ఏ మేరకు నర్సు అన్నది చాలా ముఖ్యం. ఈ వృత్తి ధర్మమంతా ఆ "ఏ మేరకు" అన్న మాట దగ్గరే మొదలవుతుంది.

నేను మాత్రలిస్తాను, ఇన్సులిన్ చేస్తాను, పుళ్లకు కట్లు మారుస్తాను, బీపీ, షుగరు చూస్తాను, సి.ఎన్.ఏ.లు చేసే పని కనిపెట్టుకుని ఉంటాను. కొత్తగా వచ్చిన పేషంటును మొదటిసారి పూర్తిగా పరీక్షించి ఏయే సేవలు కావాలో నిర్ణయించడం మాత్రం ఆర్.ఎన్. పని. ఒక ఉదాహరణ చెబుతాను. రాత్రి పదింటికి ఒకాయన ఎడమ పిక్క వాచి కనిపించిందనుకోండి. "కాలిలో రక్తం గడ్డకట్టింది" అని నేను రాయకూడదు. రోగం పేరు పెట్టడం నా పని కాదు. "ఎడమ పిక్క ఎర్రగా ఉంది, తాకితే వేడిగా ఉంది, నొప్పి అంటున్నారు, చుట్టుకొలత కుడిదానికంటే ఇంత ఎక్కువ" అని చూసింది చూసినట్టు రాసి, ఆ నిమిషంలోనే ఆర్.ఎన్.కీ డాక్టరుకీ చెప్పాలి. తెల్లారాక చూద్దాంలే అని ఊరుకోవడం తప్పే. నాకు తెలుసులే అని కాలు మర్దనా చేయడం ఇంకా పెద్ద తప్పు.

మరి డాక్టరు చెప్పాడు కాబట్టి చేశాను అంటే సరిపోతుందా? దీనికి మా రాష్ట్రంలోనే ఒక తీర్పు ఉంది. 1983 నాటి లన్స్‌ఫర్డ్ కేసు. దక్షిణ టెక్సాసులో ఒక చిన్న ఆస్పత్రికి గుండెనొప్పితో ఒక మనిషి వచ్చాడు. ఆయన్ని ఇరవైనాలుగు మైళ్ల దూరంలోని ఇంకో ఆస్పత్రికి పంపించెయ్యమన్నాడు డాక్టరు. నర్సు అలాగే పంపింది. ఆయన దారిలోనే చనిపోయాడు. బోర్డు ఆ నర్సు లైసెన్సును ఏడాదిపాటు నిలిపేసింది. ఆవిడ కోర్టుకెళ్లింది. పేషంటు పట్ల నర్సుకున్న బాధ్యత స్వతంత్రమైనది, డాక్టరు ఆజ్ఞా ఆస్పత్రి పద్ధతీ దాన్ని చెరిపెయ్యలేవు అని కోర్టు చెప్పింది. ఆవిడ ఆర్.ఎన్. అయినా ఆ మాట మాకూ వర్తిస్తుంది. పేషంటుకి ప్రమాదమనిపించే పని అప్పగిస్తే, "సేఫ్ హార్బర్" అని రాసిచ్చి రక్షణ కోరే హక్కు కూడా టెక్సాసు చట్టం మాకిచ్చింది.

ఇక మన ఇళ్ల సంగతికి వద్దాం. ఇది చెప్పడానికి కొంచెం సంకోచంగానే ఉంది. వివరాలు మార్చి చెబుతున్నాను, ఎవరూ వెతకొద్దు.

ఒక తెలుగు పెద్దావిడ మా దగ్గర చేరారు. కొడుకు నన్ను హాల్లో పక్కకి పిలిచి, "అక్కా, మీరు మనవాళ్లు కాబట్టి చెబుతున్నాను. అమ్మకి క్యాన్సరని తెలియదు. ఇన్ఫెక్షన్ అని చెప్పాం. మీరూ అలాగే చెప్పండి," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆ అబ్బాయి చెడ్డవాడేం కాదు. మన ఇళ్లలో ఎన్నోసార్లు ఇలాగే చేశాం. మా నాన్నగారి విషయంలో మేమూ ఇదే చేశాం.

ఆ రాత్రి మాత్రలిస్తుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నిజం చెప్పు తల్లీ, నాకేమయింది?" అన్నారు.

జబ్బు పేరు మొదటిసారి చెప్పాల్సింది డాక్టరు, నేను కాదు. అలాగని అబద్ధం చెప్పే హక్కూ నాకు లేదు. "అమ్మా, మీకు అన్నీ తెలుసుకోవాలని ఉందా? ఉంటే రేపు డాక్టరుగారిని కూర్చోబెట్టి చెప్పిస్తాను. వద్దు, అబ్బాయితోనే మాట్లాడమన్నా సరే. ఎలాగన్నది మీరే చెప్పండి," అన్నాను. ఆవిడ చాలాసేపు ఊరుకుని, "చెప్పించు. ఊళ్లో పొలం కాగితాల పని ఉంది," అన్నారు. అప్పటికప్పుడు అదంతా రాసి ఆర్.ఎన్.కి చెప్పాను. మర్నాడు డాక్టరు వచ్చినప్పుడు నన్నే తెలుగులో చెప్పమన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇంట్లో తెలుగు మాట్లాడటం వేరు, వైద్యం మాటలు పొల్లుపోకుండా తర్జుమా చేయడం వేరు. దానికి శిక్షణ కావాలి. ఫోన్‌లో అనువాదకుణ్ణి పిలిపించాం. కొడుకు చేత చెప్పిస్తే "క్యాన్సర్" అన్న మాట దగ్గర గొంతు తడబడుతుంది కదా.

ఆ అబ్బాయి నాతో వారం రోజులు మాట్లాడలేదు. నేను చేసింది సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ అతని బాధ అబద్ధమని ఏనాడూ అనుకోలేదు. చెప్పించుకోవద్దు అనే హక్కు కూడా పేషంటుదే. దాన్ని కొడుకో, నర్సో తీసుకోకూడదు, అంతే.

ఇంకో సంగతి. గుడిలో, పుట్టినరోజు పార్టీల్లో, "ఫలానావారి నాన్నగారు మీ దగ్గరే ఉన్నారట, ఎలా ఉన్నారు?" అని అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారు. ఆయన మా దగ్గర ఉన్నారనిగానీ లేరనిగానీ నేను చెప్పకూడదు. 2003 నుంచి అమల్లో ఉన్న హిపా నిబంధనలున్నాయి. అవి లేకపోయినా చెప్పను. మంచం మీద ఉన్న మనిషికి మిగిలేది మర్యాదొక్కటే.

చివరగా నా తప్పు ఒకటి చెప్పాలి. చెప్పకపోతే ఈ ప్రసంగమంతా నీతులు చెప్పినట్టే అవుతుంది.

మందు ఇచ్చే ముందు అయిదు సరిచూసుకోవాలని మొదటి నెలలోనే నేర్పుతారు. సరైన మనిషి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి, అంటే నోటితోనా సూదితోనా అని, సరైన వేళ. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, పక్కపక్క గదుల్లో ఒకే ఇంటిపేరున్న ఇద్దరు ముసలమ్మలుండేవారు. ఆ సాయంత్రం మనుషులు తక్కువ, నేను హడావిడిలో ఉన్నాను. పేరు పెట్టి పిలిస్తే ఆవిడ తలూపారు. ఆవిడకు సరిగ్గా వినపడదు. మీ పేరు చెప్పండి అని అడగాల్సింది, అడగలేదు. ఫోటో చూడలేదు. మందుల బండి దగ్గరికి వచ్చి నిలబడ్డాక తెలిసింది. పక్క గదావిడ బీపీ మాత్ర ఈవిడకిచ్చాను.

ఎవరూ చూడలేదు. ఆ మాత్ర ఇంకోటి తీసి రెండోవిడకిస్తే లెక్క సరిపోతుంది. ఆ ఆలోచన నాకు రాలేదని చెబితే అది ఇంకో అబద్ధం.

కానీ నేను చెప్పకపోతే, రాత్రి బీపీ పడిపోయినప్పుడు తర్వాతి షిఫ్టు నర్సుకి కారణం తెలియదు. ఆవిడ బాత్రూంకి లేచి కళ్లు తిరిగి పడితే తుంటి ఎముక విరుగుతుంది. నిజం చెప్పడమూ వైద్యంలో భాగమేనని నాకర్థమయింది అప్పుడే. ఛార్జి నర్సుకి చెప్పాం, డాక్టరుకి ఫోన్ చేశాం, పావుగంటకోసారి బీపీ చూశాం. కొంచెం తగ్గి తెల్లారేసరికి మామూలైంది. ఏ మందు ఇచ్చానో, ఏం చేశామో ఆవిడ చార్టులో రాశాను. తప్పు ఎలా జరిగిందన్న రిపోర్టు వేరే కాగితం, అదీ రాశాను. వాళ్లమ్మాయికి నేనే ఫోన్ చేశాను. "ఇంక మీరు మా అమ్మ గదిలోకి రావద్దు," అందావిడ. నన్ను వేరే వైపుకి మార్చారు. ఆవిడ కోపం న్యాయమే.

తప్పు ఒప్పుకోవడం ఎప్పుడూ ఇంత తేలిగ్గా తీరదు. 2017లో టెన్నెసీలో ఒక ఆర్.ఎన్. మందుల యంత్రంలో మొదటి రెండక్షరాలు కొట్టి, మత్తుమందుకు బదులు కండరాలను స్తంభింపజేసే మందు తీశారు. పేషంటు చనిపోయారు. ఆ నర్సు తన తప్పు తానే చెప్పారు. 2022లో కోర్టు ఆమెను నేరస్థురాలిగా తేల్చి మూడేళ్ల ప్రొబేషన్ వేసింది. ఇకమీదట ఎవరు నోరు విప్పుతారని నర్సులం చాలామంది భయపడ్డాం. ఆ భయం నాకూ ఉంది. అయినా ఆ రాత్రి మళ్లీ వస్తే, మళ్లీ చెప్పడమే చేస్తాను.

మన కుటుంబాలకు రెండు మూడు మాటలు. అమ్మానాన్నలు ఆస్పత్రిలో చేరితే వాళ్లు వాడే మందులన్నీ, ఇండియా నుంచి తెచ్చుకున్నవీ ఆయుర్వేదం మాత్రలతో సహా, కాగితం మీద రాసివ్వండి. మాట్లాడలేని స్థితి వస్తే ఎవరు నిర్ణయించాలో ఒంట్లో బాగున్నప్పుడే వాళ్లనే అడిగి కాగితం రాయించండి. నర్సు ప్రతిసారీ పేరు, పుట్టినతేదీ అడుగుతుంటే విసుక్కోకండి. ఎందుకడుగుతామో ఇప్పుడు మీకు తెలుసు.

అమ్మగారూ, మీ కోడల్ని చేరనివ్వండి. ఆవిడకి ఎమ్మెస్సీ చదువు పనికొస్తుంది. ఎవరూ చూడనప్పుడు మందుల బండి దగ్గర నిలబడి ఏం చేస్తుందన్నది మాత్రం ఆ చదువు నేర్పదు. అది మీ ఇంట్లో నేర్చుకునే వచ్చి ఉంటుంది.