తన పలక తానే దిద్దుకుంటే

హానోవర్‌కు వచ్చిన కొత్తలో మా పెద్దమ్మాయికి బడిలో 1 వచ్చిందని గుంటూరుకు ఫోను చేసి చెబితే, మా అత్తగారు "అయ్యో, ఒక్కటేనా? పోనీలే, ఈసారి బాగా చదువుతుందిలే" అని మమ్మల్నే ఓదార్చారు. ఇక్కడ 1 అంటే అన్నిటికన్నా మేలనీ, 6 అంటే తప్పినట్లేననీ ఆవిడకు నచ్చజెప్పేసరికి తలప్రాణం తోకకు వచ్చింది.

ఆ లెక్క నేర్చుకున్నాము గాని, మొన్న మూడో తరగతి చదివే చిన్నమ్మాయి బడిలో ఎదురైన లెక్క వేరు. టీచరు, తల్లిదండ్రులు, బిడ్డ కలిసి కూర్చుని మాట్లాడుకునే రోజది. టీచరుగారు ఏం చెబుతారోనని మేము చెవులు రిక్కించుకుని కూర్చుంటే, ఆవిడ ఒక కాగితం పిల్ల ముందు పెట్టి "నువ్వే చెప్పు" అన్నారు. పిల్ల స్వయంగా నింపిన కాగితమది. ప్రతి వాక్యం పక్కన నవ్వుమొహం, మామూలు మొహం, ఏడుపుమొహం ఉన్నాయి. గుణకారం వచ్చు: నవ్వుమొహం. కథ చదివి చెప్పగలను: నవ్వుమొహం. "తెలియనప్పుడు అడుగుతాను" దగ్గర మాత్రం ఏడుపుమొహం.

ఎందుకని అడిగితే, మా వైపు చూసి "తెలీదంటే అమ్మ బాధపడుతుంది" అంది. మావారు కిటికీలోంచి బయటికి చూశారు. మాకు నోట మాట రాలేదు.

పిల్లది తప్పు కాదు. మేమూ అలా పెరిగినవాళ్ళమే. హౌస్‌సర్జన్‌గా ఉన్న రోజుల్లో ఒక రోగి గుండె చప్పుడులో తేడా మాకు వినపడకపోయినా, పెద్ద డాక్టరుగారు అడిగితే "వినిపించిందండీ" అనేశాము. ఆయన మళ్ళీ స్వయంగా విన్నారు కాబట్టి సరిపోయింది. తెలియదని చెప్పలేని వైద్యుడి వల్ల రోగికి ఎంత ముప్పో ఆ రాత్రి తెలిసింది.

అలాగని ఎవరి మార్కులు వారినే వేసుకోమంటే పని జరగదు. 2006లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఒక సమీక్ష వచ్చింది. వైద్యులు తమ పనితనాన్ని తాము వేసుకున్న అంచనాను బయటివారి కొలతతో పోల్చిన సందర్భాలు 20 తీసుకుంటే, 13 సందర్భాలలో పొంతన లేకపోయింది, లేదా తలకిందులయింది. చదువుకున్నవారి సంగతే అలా ఉంటే పిల్లల మాట చెప్పాలా? కాబట్టి బిడ్డ చేతికి కొలబద్ద ఇవ్వాలి, పక్కన పెద్దవారు ఉండాలి.

ఈ ఊరికి ఇది కొత్త కాదు. సామాజిక శాస్త్రవేత్త ఆస్కార్ నెగ్ట్ తదితరులు 1972లో ఇక్కడే గ్లోక్‌సే పాఠశాలను ఆరంభించారు. మార్కులతో పిల్లలను తరమకుండా, తమ చదువు బాధ్యత తామే తీసుకునేలా చేయడం దాని ఉద్దేశం.

మనవారికీ కొత్త కాదు. మదనపల్లె దగ్గర ఋషి వ్యాలీ పరిసర గ్రామాల బడులలో పద్మనాభరావు, రామ దంపతులు "నిచ్చెన" పద్ధతి తెచ్చారు. పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడదీసి, ఒక్కొక్క మెట్టుకు బొమ్మ గుర్తున్న కార్డులు పెట్టారు. తానే మెట్టు మీద ఉన్నదీ గోడమీది నిచ్చెన చూసి బిడ్డే తెలుసుకుంటుంది. పరీక్ష కార్డు దగ్గర తడబడితే మళ్ళీ సాధన, వస్తే పై మెట్టు. అందులో సిగ్గుపడవలసినదేమీ లేదు. ఈ పద్ధతిని జర్మనీలోని రేగెన్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయం వారు శ్రద్ధగా అధ్యయనం చేసి, 2012లో పుస్తకం కూడా తెచ్చారు. మన పల్లె పిల్లల నిచ్చెన ఇంతదూరం వచ్చిందన్నమాట!

ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో ఒక మార్పు చేశాము. తెలుగు అక్షరాలు రాసేటప్పుడు, ఆ వరుసలో అన్నిటికన్నా బాగా కుదిరిన అక్షరం చుట్టూ పిల్లే సున్నా చుడుతుంది. కుదరని దానికింద గీత గీస్తుంది. ఆ తరువాతే మేము చూస్తాము. మొదటి వారం గీతలే లేవు. రెండో వారం "ఋ" కింద ఒక గీత వచ్చింది. "ఇది నాకు రావటంలేదమ్మా" అంది.

మేము బాధపడలేదు. పక్కన కూర్చుని రాసి చూపించాము. మాకూ సరిగా కుదరలేదు. మా "ఋ" కింద కూడా ఒక గీత గీసుకున్నాము.